జిప్సీ జాజ్‌కి ‘మంచి అకౌస్టిక్ ఏదైనా చాలు’ అనడం సరికాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గిటార్ కొనేవాళ్లకి సలహాలంటూ వచ్చిన వ్యాసం చదివాను. మొదటిసారి కొనేవాళ్లకి పనికొచ్చే మాటలు అందులో చాలానే ఉన్నాయి. కానీ చివర్లో జిప్సీ జాజ్ అనే యూరప్ సంగీతం గురించి రాసిన నాలుగు లైన్లని మాత్రం చూసీచూడనట్టు వదిలేయలేకపోతున్నాను. మంచి అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటార్) ఏదైనా తీసుకోవచ్చు, డబ్బు ఎక్కువ పెట్టగలిగితే మొత్తం సాలిడ్ కలపతో, అంటే పొరలు అతికించని చెక్కతో చేసినది తీసుకోండి, తీగ మీటాక శబ్దం ఎంతసేపు నిలిస్తే అంత మంచిది అని రాశారు. మొదటి మాటలో సగమే నిజం ఉంది. మిగతా రెండూ ఈ సంగీతానికి పూర్తిగా ఎదురు. నేను హనుమకొండలో పిల్లలకి గిటార్ నేర్పుతుంటాను. ఫోన్‌లో ఎవరో యూరప్ కుర్రాడు వాయించింది చూసి ‘సార్, ఇలాంటిది నేర్పండి’ అని వచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్ల వెనకాలే అమ్మానాన్నలు ‘ఏ గిటార్ కొనాలి సార్’ అని వస్తారు. ఈ రోజుల్లో ఒక మామూలు ఇంట్లో పిల్లాడి గిటార్ కోసం నలభై, యాభై వేలు తీయడమంటే చిన్న సంగతి కాదు, పైగా పేపర్లో పడిందంటే ఆ మాట ఖాయం అనుకుంటారు. ఉత్తరం పొడుగైనా ఓపికపట్టి వేయమని అడగడానికి కారణం అదే.

ముందు ఆ సంగీతం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే గిటార్ ఎందుకు వేరుగా ఉండాలో అర్థం కాదు. దీనికి ఆద్యుడైన గిటార్ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలో, బళ్లలో ఊరూరా తిరిగే రొమానీ (జిప్సీలంటే వీళ్లే) కుటుంబంలో పుట్టాడు. ఆ ప్రజల పూర్వీకులు ఎన్నో వందల ఏళ్ల కిందట మన దేశపు ఉత్తర భాగం నుంచి వలసపోయారని వాళ్ల భాష మీద పరిశోధన చేసినవాళ్లు తేల్చారు. 1928లో వాళ్లుండే బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచెయ్యి కాలిపోయింది, ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతో ఆయన సోలోలు వాయించడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. 1934లో పారిస్‌లో స్టెఫాన్ గ్రాపెల్లీ అనే వయోలిన్ విద్వాంసుడితో కలిసి ఒక బృందం పెట్టాడు. ఒక వయోలిన్, మూడు గిటార్లు, ఒక పెద్ద బేస్, అంతే. డ్రమ్స్ లేవు.

డ్రమ్స్ లేవన్న ఈ ఒక్క విషయం పట్టుకుంటే గిటార్ ఎంపికలో సగం సందేహాలు తీరిపోతాయి. డ్రమ్స్ లేనిచోట తాళం మోసేది ఎవరు? వెనక కూర్చున్న గిటార్లే. మన డప్పు మీద సిర్ర, చిటికెన పుల్ల పడ్డట్టు కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) కొట్టిన వెంటనే టక్కున ఆగాలి, ఆ ఆగడంలోనే దరువు ఉంది. ఫ్రెంచి వాళ్లు దాన్ని లా పోంప్ అంటారు. ఎడమచేతి వేళ్లు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) మీద నుంచి కొద్దిగా సడలించి మోతని కోసేస్తారు. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ పొట్టిగా, గట్టిగా పడతాయి. శబ్దం ఎక్కువసేపు నిలిచే గిటార్ మీద ఇది వాయించి చూడండి, ఒక కార్డ్ ఇంకా మోగుతుండగానే రెండోది దాని మీద పడి అంతా కలగాపులగం అవుతుంది. షాపులో ఒక తీగ మీటి ‘చూడండి సార్ ఎంతసేపు మోగుతుందో’ అని చూపిస్తారు కదా, పాటకి తోడుగా మెల్లగా వాయించేవాళ్లకి అది నిజంగానే గొప్ప గుణం. జిప్సీ జాజ్‌కి వచ్చేసరికి అదే గుణం కాళ్లకి అడ్డం పడుతుంది. మీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ సలహానే.

ఇక రెండో అవసరం బిగ్గరగా మోగడం. 1930ల్లో హోటళ్లలో, డ్యాన్స్ హాళ్లలో ఇప్పట్లా గిటార్‌కి వైరు తగిలించి వాయించే పరిస్థితి లేదు. నలుగురూ మాట్లాడుకుంటూ, గ్లాసులు చప్పుడవుతూ ఉంటే, పక్కనే వయోలిన్ మోగుతుంటే, ఆ సందడి మీదుగా గిటార్ సోలో హాలు చివరిదాకా వినపడాలి. అప్పట్లో పారిస్‌లో సెల్మర్ అని శాక్సఫోన్లకి పేరుపడిన కంపెనీ ఉండేది. వాళ్లకి మారియో మక్కఫెర్రి అనే ఇటలీ గిటార్ వాద్యకారుడు కొత్త రకం గిటార్ రూపకల్పన చేసి ఇచ్చాడు. ఆయన స్వయంగా వాయించేవాడు, తయారుచేసేవాడు కూడా. 1932లో అవి బయటికొచ్చాయి. ఇంగ్లిష్ డీ అక్షరం ఆకారంలో పెద్ద రంధ్రం, లోపల శబ్దాన్ని ముందుకు నెట్టడానికి ఇంకో చిన్న చెక్క గది. మరుసటి ఏడాదే మక్కఫెర్రి కంపెనీ నుంచి బయటికొచ్చేశాడు. తర్వాత కంపెనీ వాళ్లే మార్పులు చేసుకుంటూ పోయి, చిన్న కోడిగుడ్డు ఆకారపు రంధ్రం, మెడ ఒంటికి కలిసేచోటికి 14 ఫ్రెట్లు, మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా 670 మిల్లీమీటర్ల తీగ పొడవు ఉన్న గిటార్ దగ్గర ఆగారు. 1952లో గిటార్లు చేయడం ఆపేశారు. అన్నీ కలిపినా వెయ్యి లోపే చేశారు. అందులో జాంగో వాడిన 503 నంబరు గిటార్ ఇప్పుడు పారిస్‌లోని సంగీత మ్యూజియంలో ఉంది. ఈరోజు జిప్సీ జాజ్ గిటార్ అని అమ్మేవన్నీ ఆ రెండు నమూనాలకి నకళ్లే.

ఈ గిటార్ మామూలు అకౌస్టిక్‌కి ఎక్కడ వేరవుతుందో చెప్తాను. రంధ్రం ఆకారం గురించి చెప్పబోవడం లేదు, అది చూడగానే కనపడేదే. అసలు తేడా బ్రిడ్జి దగ్గర ఉంది. మామూలు గిటార్‌లో బ్రిడ్జి పైచెక్కకి జిగురుతో అతికించి ఉంటుంది, తీగలు అందులోనే పిన్నులతో బిగిస్తారు. అంటే తీగలు పైచెక్కని పైకి లాగుతుంటాయి. సెల్మర్ రకంలో తీగలు బ్రిడ్జి మీదుగా వెళ్లి గిటార్ అడుగు అంచున బిగించిన టెయిల్‌పీస్ అనే పట్టీకి తగులుకుంటాయి, బ్రిడ్జి ఊరికే చెక్క మీద కూర్చుని ఉంటుంది, తీగల ఒత్తిడే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. వయోలిన్ బ్రిడ్జి చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఆ ఒత్తిడి కిందికి పడుతుంది కాబట్టి పైచెక్కని చదునుగా వదిలేయకుండా బ్రిడ్జి ప్రాంతంలో కొద్దిగా వంపు ఇస్తారు. పైచెక్కకి బలం కోసం లోపల అతికించే బద్దలు కూడా ఎక్స్ ఆకారంలో కాకుండా నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. ఇవన్నీ కలిసి ఆ పొడి గొంతుని, మీటగానే ముఖం మీద కొట్టినట్టు వచ్చే ఆ శబ్దాన్ని ఇస్తాయి. మధ్యస్థాయి శబ్దం ఎక్కువ, బేస్ తక్కువ. బేస్ వాయించడానికి పక్కన వేరే మనిషి ఉన్నాడు కదా.

అందుకే దూరం నుంచి చూసి మోసపోకూడదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో నాకు కోడిగుడ్డు రంధ్రం, పక్కన కోసిన ఒళ్లు ఉన్న గిటార్ ఒకటి చేతిలో పెట్టి ‘ఇదే జిప్సీ గిటార్ సార్’ అన్నారు. బ్రిడ్జి చూస్తే జిగురుతో అతికించినదే, పిన్నులతో సహా. లోపలికి ఫోన్ లైటు వేసి చూస్తే బద్దలు కూడా మామూలు గిటార్‌వే. అమ్మే కుర్రాడిది తప్పని నేను అనను, అతనికి చెప్పినవాళ్లు లేరు. కానీ అడిగిన ధర మాత్రం అసలుదానికి అడిగినట్టే అడిగారు, కొద్దిసేపు గట్టిగా వాయించి చూస్తానంటే టాప్ (పైచెక్క) మీద గీతలు పడతాయని ఒప్పుకోలేదు. గట్టిగా వాయించి చూడకుండా ఈ గిటార్ ఎంచుకోవడం కుదరదు, మెల్లగా మీటితే అన్ని గిటార్లూ బాగానే ఉంటాయి.

ఇప్పుడు సాలిడ్ కలప సంగతి. మొత్తం సాలిడ్ అంటే గొప్పది, లామినేట్ (పల్చటి పొరలు అతికించిన చెక్క) అంటే చవకది అని మనందరి మనసులో పడిపోయింది. పైచెక్క విషయంలో అది చాలావరకు నిజం, ఈ గిటార్లలో కూడా టాప్ సాలిడ్ స్ప్రూస్ కలప అయితేనే మోత వస్తుంది. కానీ వెనకభాగం, పక్కలు సెల్మర్ వాళ్లే లామినేట్‌తో చేశారు, పైపొర మన దేశపు రోజ్‌వుడ్. డబ్బు మిగుల్చుకోవడానికి చేసిన పని కాదిది, వెనక గట్టిగా ఉంటే శబ్దం ముందుకి పోతుందన్న లెక్కతో చేసినది. ఇప్పటికీ పేరున్న పనివాళ్లు చాలామంది అలాగే చేస్తున్నారు. కాబట్టి ‘వెనక లామినేట్ అట, వద్దులే’ అని ఒక మంచి గిటార్ వదిలేసి, వెనకా ముందూ సాలిడ్ అన్న ఒక్క కారణంతో ఇంకో ఇరవై వేలు ఎక్కువ పెట్టి వేరే రకం గిటార్ తెచ్చుకుంటే, ఆ పిల్లాడు వాయించాలనుకున్న సంగీతం ఇంటికి రాదు.

ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. వరంగల్‌లో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 43, 44 డిగ్రీల ఎండలో గాలిలో తేమ పూర్తిగా పడిపోయి పైచెక్క ఎండి కుంచించుకుపోతుంది, పగుళ్లు వచ్చేది అప్పుడే. అదే చెక్క ఆగస్టుకల్లా తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి, వేళ్లు నొప్పి అని పిల్లలు క్లాసు మానేస్తారు. ఈ రకం గిటార్‌తో ఒక సుఖం ఏంటంటే బ్రిడ్జి ఊడదీసుకునే వస్తువు కాబట్టి, ఎండాకాలానికి ఒకటి, వానాకాలానికి కొంచెం పొట్టిది ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. అది కుదరకపోతే పొట్టి బ్రిడ్జే ఉంచి ఎండాకాలంలో దాని కింద పల్చటి చెక్క ముక్క వేసుకోవచ్చు. గిటార్‌ని కూలర్ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి, పగలంతా తడి గాలి, రాత్రి కూలర్ ఆపాక పొడి వేడి, చెక్కకి ఇంతకన్నా చేటు లేదు. తేమ చూపించే చిన్న మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది, కేసులో పడేసి 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. కాజీపేట స్టేషన్ బయట ఎండలో కారు ఆపి అందులో గిటార్ వదిలి వెళ్లేవాళ్లని చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి. జిగురు కరుగుతుంది.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? నేనైతే మొదట గిటార్‌ని ఇంకొకరి చేతికిచ్చి ఎదురుగా పది, పదిహేను అడుగుల దూరంలో నిలబడి వింటాను. ఇవి ముందుకి శబ్దం విసిరే గిటార్లు. ఒళ్లో పెట్టుకున్నవాడికి సన్నగా, ఖాళీగా వినిపించినది ఎదురుగా ఉన్నవాడికి నిండుగా వినపడొచ్చు, దానికి పూర్తిగా తలకిందులుగా ఉండేవీ ఉన్నాయి. ఒక్కరే వెళ్తే ఈ తేడా పట్టుకోలేరు, అందుకే పిల్లాడిని ఒంటరిగా పంపకండి, వాయించడం వచ్చిన ఇంకొకరు వెంట ఉండాలి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లయితే ఎదురుగా మైకు పెట్టి, ఏ ఎఫెక్టులూ కలపకుండా తీసిన వీడియో అడగాలి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనకపోయినా నష్టం లేదు.

తర్వాత బ్రిడ్జి పాదాలు చెక్కకి పూర్తిగా ఆనుకున్నాయో లేదో ఒక పల్చటి కాగితం దూర్చి చూడండి. కాగితం లోపలికి పోయిందంటే అక్కడ శబ్దం పోతున్నట్టే. ఇది పెద్ద లోపం కాదు, చేయి తిరిగినవాడు గంటలో సరిచేస్తాడు, కాకపోతే ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ మీద వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి మీటండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. రెండూ ఒకే శ్రుతిలో లేకపోతే బ్రిడ్జి ఉండాల్సిన చోట లేదన్నమాట. అది జరిపితే సరిపోతుంది, దీనికి గిటార్‌ని తప్పుపట్టకూడదు. మామూలు గిటార్ అలవాటున్నవాళ్లు ఇక్కడే ‘ఇది శ్రుతి నిలవడం లేదు’ అని వెనక్కిచ్చేస్తారు. తీగలు మార్చేటప్పుడు కూడా ఆరూ ఒకేసారి తీసేస్తే బ్రిడ్జి కిందపడి దాని చోటు పోతుంది, ఒక్కొక్కటే మార్చాలి.

మెడ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. మెడ వంగి ఉన్నా, ఒంటికి తప్పు కోణంలో కలిసినా దాన్ని సరిచేసేవాళ్లు మన జిల్లాల్లో దొరకడం కష్టం, హైదరాబాద్ పంపాలి, ఖర్చు గిటార్ ధరలో మూడో వంతుకి పోవచ్చు. తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకి 3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండడం ఈ గిటార్లలో మామూలే. మామూలు అకౌస్టిక్ కన్నా ఇది ఎక్కువ, ఎందుకంటే పిక్‌తో (తీగ మీటే చిన్న ముక్కతో) బలంగా కొడతారు, తక్కువ ఎత్తులో ఉంటే తీగ ఫ్రెట్లకి కొట్టుకుని గలగలమంటుంది. ఎత్తు ఎక్కువుందని షాపువాడితో అప్పటికప్పుడు బ్రిడ్జి అరగదీయించకండి. రెండు నెలలు వాయించాక చూసుకోవచ్చు.

పెద్ద రంధ్రమా, చిన్న రంధ్రమా అని అడిగేవాళ్లు చాలామంది. పెద్దది తాళానికి, చిన్నది సోలోకి అని ఒక మాట వాడుకలో ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు, పెద్ద రంధ్రం గిటార్ మోత కొంచెం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, చిన్నది సూటిగా వెళ్తుంది. కానీ నా విద్యార్థులకి నేను చెప్పేది, మీ చేతిని బట్టి తీసుకోమని. 670 మిల్లీమీటర్ల పొడవు మీద మొదటి ఫ్రెట్లలో కార్డ్ పట్టడం పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి కష్టం, వేళ్లు అందవు. మామూలు అకౌస్టిక్ 650 లోపే ఉంటుంది. కొంచెం పొట్టి తీగ పొడవు ఉన్న మోడల్ దొరికితే రంధ్రం ఏదైనా అదే తీసుకోండి.

తీగల గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. ఈ గిటార్‌కి మామూలు బ్రాంజ్ తీగలు వేస్తే దాని గొంతు సగం పోతుంది. వెండి పూత పూసిన రాగి చుట్టిన తీగలు వాడతారు. ఫ్రాన్స్‌లో సావరెజ్ వాళ్లు చేసే అర్జెంటైన్ అన్నవి తరాలుగా నడుస్తున్నాయి. సన్నతీగ 10 లేదా 11 సైజు తీసుకోండి, ఇంత పొడవు మెడకి 12 పైన వేస్తే చేతికీ టెన్షన్, గిటార్‌కీ టెన్షన్. తీగ చివర గుండు ఉండే రకం, ఉంగరం ఉండే రకం అని రెండుంటాయి, మీ టెయిల్‌పీస్‌కి ఏది పడుతుందో చూసి కొనండి. ఇక్కడ షాపుల్లో దొరకవు, తెప్పించుకునేటప్పుడు నాలుగైదు సెట్లు ఒకేసారి తెప్పించుకుంటే రవాణా ఖర్చు కలిసొస్తుంది.

పిక్ కూడా అంతే ముఖ్యం. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్కతో ఈ సంగీతం రాదు. 2 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, 3, 4, 5 దాకా కూడా వాడతారు. కుడిచెయ్యి పైచెక్కకి ఆనకుండా మణికట్టు వంచి, తీగ మీటాక పిక్ కింది తీగ మీద ఆగేలా కొడతారు. ఆ పద్ధతి చేతికి ఎక్కకుండా ఎన్ని లక్షల గిటార్ ఇచ్చినా జాంగో శబ్దం రాదు. అందుకే కొత్త గిటార్ కోసం తొందరపడే పిల్లలకి నేను మొదట రెండు మూడు వందలు పెట్టి లావు పిక్ కొనమంటాను, ఇంట్లో ఉన్న స్టీలు తీగల అకౌస్టిక్‌కే సన్నపాటి వెండిపూత తీగలు వేయించుకుని ఆరు నెలలు కుడిచెయ్యి సాధన చేయమంటాను. ‘మంచి అకౌస్టిక్ చాలు’ అన్న మీ మాటలో సగం నిజం ఉందన్నది ఇక్కడే, మొదలుపెట్టడానికి చాలు. అక్కడి నుంచి ముందుకెళ్లాలంటే చాలదు.

ఒక్క జాగ్రత్త, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీలు తీగలు వేయకండి. చర్చిల్లో, స్కూళ్లలో పాత గిటార్లకి ఇలా వేసి వాడుతుండడం చూస్తున్నాను. నైలాన్ కన్నా స్టీలు తీగల లాగుడు చాలా ఎక్కువ, ఆ గిటార్ దానికోసం కట్టినది కాదు. మెడ వంగుతుంది, లేకపోతే బ్రిడ్జి ఊడి ముఖానికే తగలొచ్చు. రంధ్రం గుండ్రంగా ఉందా, మెడ వెడల్పుగా ఉందా అన్నదాన్ని బట్టి తేల్చుకోవద్దు, బ్రిడ్జిలో పిన్నులు లేకుండా తీగలు ముడివేసి ఉంటే అది నైలాన్ గిటారే.

ధరల విషయం. పాత సెల్మర్ మనబోటివాళ్లు చేత్తో ముట్టుకునేది కాదు. ఫ్రాన్స్‌లో బుసాటో, ఫవీనో చేసిన పాత గిటార్లు, ఈమధ్య కాలంలో మోరీస్ డుపాన్ చేసినవి లక్షల్లోనే ఉంటాయి. మనలాంటివాళ్లకి అందుబాటులో ఉన్నవి జితాన్, సిగానో, ఆల్టమీరా లాంటి పేర్లతో వచ్చేవి. నేర్చుకునేవాడికి ఇవి చాలా ఎక్కువే, కచేరీలు చేసేవాళ్లు కూడా వీటితో చేస్తున్నారు. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే అక్కడి ధరకి రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను కలుస్తాయి, అక్కడ ముప్పై వేలని కనపడినది ఇంటికొచ్చేసరికి ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. కేసు గట్టిదై ఉండాలి, లేకపోతే దారిలోనే మెడ పోతుంది. సెకండ్‌హ్యాండ్ దొరికితే నేను దానికే ఓటేస్తాను. కొన్నేళ్లు గట్టిగా వాయించిన టాప్ నోరు విప్పుతుంది, పగలాల్సినది ఈపాటికి పగిలే ఉంటుంది కాబట్టి దాచేదేమీ ఉండదు.

కరెంటు పికప్ (గిటార్ శబ్దాన్ని వైరు ద్వారా స్పీకర్‌కి పంపేది) ఉన్నది తీసుకోవాలా అని అడుగుతారు. అవసరం లేదు. జాంగో కూడా తర్వాతి రోజుల్లో తన సెల్మర్‌కి పికప్ తగిలించుకుని వాయించాడు, అంటే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఫంక్షన్ హాల్లో వాయించాల్సి వస్తే ఎదురుగా ఒక మైకు పెట్టమనండి, సౌండ్ సిస్టమ్ అబ్బాయికి ఎకో తీసేయమని గట్టిగా చెప్పండి. పికప్ కోసం పెట్టే డబ్బు పైచెక్క బాగున్న గిటార్ మీద పెట్టండి.

ఇంకో మాట, గిటార్‌కి సంబంధించినదే. ఈ సంగీతం ఒంటరిగా వాయించేది కాదు. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, ఇళ్లలో కర్ణాటక వయోలిన్ నేర్చుకుంటున్న పిల్లలు ఎంతమందో ఉన్నారు. గ్రాపెల్లీ మన ఎల్. సుబ్రహ్మణ్యంతో కలిసి రికార్డు చేశాడని ఆ పిల్లల్లో ఎందరికి తెలుసు? గిటార్ పిల్లలు, వయోలిన్ పిల్లలు ఒకే ఊళ్లో ఉండి ఒకరి ముఖం ఒకరు చూడకుండా పెరుగుతున్నారు. రెండు గిటార్లు, ఒక వయోలిన్ కలిస్తే ఈ సంగీతానికి కావాల్సినదంతా వచ్చేసినట్టే, ఎవరి గిటార్‌లో లోపం ఎక్కడుందో కూడా పక్కన వయోలిన్ మోగినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం కట్టుకున్నాం. అక్కడ నెలకొక ఆదివారం పొద్దున ఒక గది ఇప్పిస్తే వాద్యాలు తెచ్చుకుని ఒకరిది ఒకరు వాయించి చూసుకోవచ్చు. ఒక పిల్లాడు నలభై వేలు పెట్టేముందు సెల్మర్ రకం గిటార్‌ని ఒక్కసారైనా ఒళ్లో పెట్టుకుని చూసే వీలు ఉత్తర తెలంగాణలో నాకు తెలిసినంతలో ఎక్కడా లేదు. కరీంనగర్, ఖమ్మం, మంచిర్యాల నుంచి కూడా ఇదే అడుగుతూ ఫోన్లు వస్తాయి. ఇలాంటి గిటార్ ఇప్పటికే కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ ఉత్తరాల శీర్షికకి రాయమని కోరుతున్నాను, నేను నా గిటార్ తీసుకుని వస్తాను, ఎవరైనా వాయించి చూడొచ్చు, గట్టిగానే వాయించొచ్చు.

మీ వ్యాసకర్త శ్రద్ధగా రాశారు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ నాలుగు లైన్లకి మాత్రం వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. చోటు తక్కువైతే మిగతాదంతా వదిలేసినా, నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు వేయొద్దన్న మాట, తీగలు టెయిల్‌పీస్‌కి తగిలే గిటారేనా కాదా చూసుకోమన్న మాట, ఈ రెండైనా వేయండి.

– ఒక గిటార్ మాస్టారు, హనుమకొండ